గాల్లో వేలికి పలికిన ఫోన్

సేల్స్ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు ఎప్పుడైనా కలిస్తే నన్ను ఒకటే అడుగుతారు. అన్నేళ్లు నిలబడి ఫోన్లు అమ్మారు కదా, విసుగు పుట్టలేదా అని. పుట్టకేం. సాయంత్రానికి కాళ్లు వాచి చెప్పులు పట్టని రోజులున్నాయి. పొద్దంతా మా దగ్గర అన్నీ అడిగి తెలుసుకుని, పక్క షాపులో కొని, ఆ సంచీ ఊపుకుంటూ మా ముందునుంచే పోయినవాళ్లున్నారు. నా చేతుల మీదుగా వెళ్లిన ఫోన్లలో చాలావాటి పేర్లు కూడా ఇప్పుడు గుర్తులేవు. ఒక్క ఫోను సంగతి మొదలుపెడితే మాత్రం నా గొంతు దానంతటదే పెద్దదవుతుంది. ఇక ఈమె ఆగదని ఇంట్లోవాళ్లు టీవీ సౌండ్ తగ్గించి కూర్చుంటారు.

అది తెరను ముట్టుకోకుండా పనిచేసే ఫోను. వేలు గాల్లో ఉంటే చాలు, కింద ఉన్న అద్దానికి తెలిసిపోయేది.

ఇప్పటి మీకు అదేమంత వింతగా అనిపించకపోవచ్చు. నాకు ఎందుకు వింతైందో చెప్పాలంటే ముందు నా చేతుల సంగతి చెప్పాలి.

మాది ఎల్బీనగర్ పక్క ఊరే. ఊరని ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు, అంతా కాలనీలే. పెళ్లయ్యాక ఎల్బీనగర్ చౌరస్తాలో ఎస్టీడీ బూత్‌లో కూర్చున్నాను. సెల్‌ఫోన్లు వచ్చి బూత్ మూతపడ్డాక, ఆ సెల్‌ఫోన్లే అమ్మే షోరూంలో చేరాను. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, పైన కోచింగ్ సెంటర్, కింద మేము. మెట్రో స్తంభాలు అప్పుడే లేస్తున్నాయి. ఆ దుమ్ముకు డిస్‌ప్లేలో పెట్టిన ఫోన్లు పొద్దుటినుంచి తుడిచినా తుడిచినట్టు ఉండేవి కావు. అమ్మడం నాకు బాగా వచ్చేది. కొనడానికి వచ్చినవాళ్లతో మాట్లాడుతూ ఉంటే వాళ్లకేం కావాలో నాకు తట్టేది, అంతే.

ఆ రోజుల్లోనే మీర్‌పేట్‌లో మా ఆడబిడ్డ వాళ్ల గృహప్రవేశం జరిగింది. పెరట్లో మిర్చిబజ్జీలు వేస్తున్నాం. ఎవరో హడావుడిగా పోతూ పొయ్యికి తగిలారు. నూనె మూకుడు ఒరిగింది. పక్కనే చిన్నపిల్లలు కూర్చుని ఉన్నారు. ఆలోచించే వ్యవధి లేదు, మూకుడును రెండు చేతులతో పట్టుకుని అవతలికి నెట్టాను. పిల్లలకు ఒక్క చుక్క పడలేదు. నూనె అంతా నా చేతుల మీద పడింది.

దవాఖానలో చాలా రోజులున్నాను. తొడమీది చర్మం తీసి చేతులకు అతికించారు. మానిన తర్వాత డాక్టరమ్మ చర్మం రంగులో ఉండే బిగుతు గ్లవ్స్ ఇచ్చింది. మచ్చలు గట్టిపడి వేళ్లు కొంకర్లు పోకుండా వాటిని రాత్రీ పగలూ వేసుకోవాలి. స్నానానికి, మందు రాసుకోవడానికి తప్ప తీయకూడదు. ఏడాది పడుతుందో, ఇంకా ఎక్కువ పడుతుందో చెప్పలేనంది. వేళ్లు కదులుతున్నాయి, నొప్పి తగ్గింది, ఇంకేం కావాలి అనుకుని డ్యూటీలో చేరిపోయాను.

నేను సెలవులో ఉన్న కొన్ని నెలల్లోనే షోరూం మారిపోయింది. బటన్ ఫోన్లన్నీ ఒక మూలకు చేరాయి. ముందు వరసంతా టచ్ ఫోన్లే. మొదటిరోజే ఒక కాలేజీ అమ్మాయి వచ్చి కెమెరా చూపించమంది. ఫోను చేతిలోకి తీసుకుని కెమెరా గుర్తు మీద వేలు పెట్టాను. తెర కదల్లేదు. గట్టిగా నొక్కాను. ఇంకో వేలు పెట్టాను. ఆ ఫోను దృష్టిలో అక్కడ నేను లేనట్టే ఉంది. టచ్ తెరకు మనిషి చర్మం తగలాలి, మధ్యలో గుడ్డ ఉంటే దానికి తెలియదు. ఆ సంగతి నేనే ఎంతోమందికి చెప్పి ఉంటాను. నా దాకా వచ్చేసరికి తట్టలేదు. ఆ అమ్మాయి మెల్లిగా ఫోను నా చేతిలోంచి తీసుకుని, "నేను చూసుకుంట ఆంటీ" అంది.

నా పక్క కౌంటర్‌లో నల్గొండ వైపు నుంచి వచ్చిన సహోద్యోగి ఒకాయన ఉండేవాడు. నాకంటే పదేళ్లు చిన్న, ఇద్దరు పిల్లల తండ్రి, మాటకారి. నా సమస్యను తన సమస్యగా తీసుకుని రోజుకో ఉపాయం తెచ్చేవాడు. ఫుట్‌పాత్ మీద అమ్మే ప్లాస్టిక్ పుల్ల తెచ్చాడు, పనిచేయలేదు. చాక్లెట్ మీది వెండి కాగితం గ్లవ్ వేలికి చుట్టాడు, అదీ పనిచేయలేదు. గ్లవ్ చివర కత్తిరిద్దామన్నాడు. డాక్టరమ్మకు ఫోన్ చేసి అడిగితే నన్ను తిట్టిన తిట్టు ఆయనకు కూడా వినిపించింది. చివరికి నాకు నేనే కనిపెట్టుకున్న పద్ధతి ముక్కు. ఇంటినుంచి ఫోనొస్తే ముక్కుతో ఎత్తేదాన్ని.

"అక్కా, నువ్వు ఫోను ఎత్తుతుంటె దానికి ముద్దు పెడుతున్నట్టే ఉన్నది" అనేవాడు.

"నీకేం పోయింది, నా ఫోనే కదా" అనేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్లం. కస్టమర్ ముందు మాత్రం ముక్కుతో కెమెరా చూపించలేం కదా.

మా మేనేజర్ కోస్తా నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడిన మనిషి. ఎవరినీ నొప్పించకుండా పని జరిపించుకోవాలని చూసేవారు. నన్ను పక్కకు పిలిచి, "కొన్నాళ్లేనండి మేడమ్, మీరు కవర్ల కౌంటర్ చూసుకోండి. అక్కడైతే మీకు ఇబ్బంది ఉండదు" అన్నారు. ఇబ్బంది అక్కడా ఉంది. ఆ గ్లవ్స్‌తో స్క్రీన్ గార్డ్ అతికిస్తే గాలి బుడగలు లేకుండా ఒక్కటీ కుదిరేది కాదు. అయినా కిక్కురుమనకుండా కూర్చున్నాను.

ఎండలు ముదిరేసరికి సేటు పిలిపించాడు. షోరూం యజమానిని మేమంతా సేటు అనేవాళ్లం. వాళ్లది ఇక్కడి పాత రైతు కుటుంబమే. మంచిచెడ్డా మొహం మీదే మాట్లాడతాడు.

"కవర్ల కౌంటరు వేరేటోళ్లకు కిరాయికి ఇస్తున్నమ్మా. వచ్చే నెల వాళ్లొస్తరు. నువ్వు ఇంట్ల రెస్ట్ తీసుకో. చేతులు మంచిగైనంక ఒచ్చెయ్, నీ జాగ నీకే ఉంటది."

ఆయన మనసులో కపటం లేదు. కానీ షోరూంలో ఒకరి జాగ అంతకాలం ఖాళీగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

ఆ సమయంలో వచ్చింది ఈ ఫోను. విడుదలకు ముందు మా వైపు షోరూంల వాళ్లందరికీ ఎల్బీనగర్‌లోని ఒక హోటల్ హాల్లో కంపెనీ శిక్షణ పెట్టింది. నన్ను పిలవలేదు. సహోద్యోగి మాత్రం నన్ను వదల్లేదు.

"రా అక్కా. చికెన్ బిర్యానీ పెడుతరంట. ఎవడు అడుగుతడు నిన్ను?"

"కవర్లు అమ్మేదానికి ట్రైనింగేందిరా?"

"ఫోనెట్లుంటదో తెల్వకుంటె కవరెట్ల అమ్ముతవ్?"

ఆ మాట నాకే నచ్చింది. బస్సెక్కి పోయాం. వెనక వరసలో కూర్చున్నాను.

ట్రైనర్ విజయవాడ అబ్బాయి, టై కట్టుకుని వచ్చాడు. మొదట అందరూ చెప్పే మాటలే చెప్పాడు. తర్వాత ఫోనును బల్ల మీద పెట్టి, దాని బొమ్మ వెనక గోడ మీద పెద్దగా పడేలా చేసి, "ఇప్పుడు చూడండి, నేను దీన్ని ముట్టుకోను" అన్నాడు. చూపుడు వేలు తెరకు కొంచెం పైన ఆపాడు. గోడ మీద వేలి కింద నీలం చుక్క ఒకటి వెలిగింది. వేలును మెసేజ్ పైకి జరిపాడు. మెసేజ్ తెరవకుండానే లోపలి మాటలు చిన్న బుడగలో కనిపించాయి. ఫొటోల మీదుగా వేలు తిప్పితే ఏ ఫొటో మీద వేలుంటే ఆ ఫొటో పైకి లేచి పెద్దదైంది. తర్వాత అరచేతిని ఫోను మీదుగా అటునుంచి ఇటు ఊపాడు. ఫొటో పక్కకు తప్పుకుని ఇంకొకటి వచ్చింది. హాల్లో గుసగుసలు ఆగిపోయాయి. ఎవరో ఈల వేశారు.

నేను చూస్తున్నది ఫొటోలను కాదు. వేలికీ అద్దానికీ మధ్య ఉన్న ఆ ఖాళీని. అందులో ఏముంది? గాలి ఉంది. గాలి అడ్డమున్నా దానికి తెలుస్తున్నప్పుడు గుడ్డ అడ్డముంటే ఎందుకు తెలియదు? బిర్యానీ దగ్గరికి అందరూ పోతుంటే నేను ఎదురుగా బల్ల దగ్గరికి పోయాను.

"సార్, జర ఒకసారి నేను చూడొచ్చా?"

అతను నా చేతులు చూసి మొహమాటపడ్డాడు. "చూడొచ్చండి. కానీ గ్లవ్స్‌తో టచ్ పనిచేయదు కదండీ మేడమ్."

"ముట్టుకోను. మీరు చేసినట్టే చేస్త."

వేలు చాచాను. తెర మీదికి రాగానే నీలం చుక్క వెలిగింది.

ఆ చుక్క నాకు ఇప్పటికీ కళ్లముందుంది. వేలు ఎడమకు తీసుకుపోయాను, అదీ వచ్చింది. కుడికి పోయాను, వెంట వచ్చింది. మెసేజ్ మీద ఆపితే బుడగ విచ్చుకుంది. ఎవరిదో పుట్టినరోజు ఫొటో మీద ఆపితే కేకుతో సహా లేచింది. నెలల తరబడి నన్ను గుర్తుపట్టని అద్దం, నేను ముట్టుకోకముందే నన్ను పసిగట్టింది.

"ఇలా పనిచేస్తుందని నాకు తెలియదండీ" అన్నాడు ట్రైనర్. నిజంగానే ఆశ్చర్యపోయాడు. తనూ వంగి చూశాడు. సెట్టింగ్స్‌లో వెతికితే తెర చురుకుదనం పెంచే వీలు కూడా దొరికింది. అది పెట్టాక గ్లవ్ వేలితో నొక్కినా తెర పలికింది. నేను కాల్ నొక్కి మా ఇంటికి ఫోన్ చేశాను.

"ఎవరు?" అన్నాడు మా ఆయన, నంబర్ కొత్తది కనుక.

"నేనే. వేలితోటి చేసిన" అన్నాను. ఆయనకేమీ అర్థం కాలేదు.

సహోద్యోగి ప్లేటు పట్టుకుని వచ్చేసరికి నేను ఫొటోలు తిప్పుతూ ఉన్నాను. ప్లేటు పక్కనపెట్టి వంగి చూశాడు. "ముద్దు పెట్టే పని లేదు ఇగ" అన్నాడు.

మర్నాడు పొద్దున సేటు వచ్చేదాకా ఆగి, ఆయన కుర్చీలో కూర్చోగానే ఎదురుగా నిలబడ్డాను. విడుదల రోజు ఆ ఫోను నేను చూపిస్తానన్నాను.

"ఏంది నువ్వు మాట్లాడేది? పండుగ లెక్క చేస్తున్నం, బ్యాండు పెడుతున్నం. గా టైంల గీ గ్లవ్సులు చూస్తె అందరు నిన్ను అయ్యో పాపం అనుకుంట నిలబడుతరు. బేరం పోతది."

"అయ్యో అనుకుంటె అనుకోనీ సేటు. తర్వాత ఫోను చూస్తరు కద."

"చూడకుంటె?"

మేనేజర్ మధ్యలో కల్పించుకున్నారు. "సార్, డెమో మనవాడే ఇస్తాడు. మేడమ్ గారు పక్కన ఉంటారు, అవసరమైతే అందుకుంటారు. అలా చేద్దామండి." సేటు సరే అనలేదు, వద్దనలేదు. మా దగ్గర దానర్థం సరేననే.

డెమో ఫోను ముందే వచ్చింది. పని లేని ప్రతి నిమిషం దాన్ని పట్టుకుని కూర్చున్నాను. చార్జింగ్ వైరు మణికట్టు దగ్గర కొత్త చర్మానికి ఒరుసుకుని మండేది కనుక, చేతిలోకి తీసుకోగానే ముందు వైరు పీకేసేదాన్ని. సహోద్యోగి మాత్రం స్టాండ్ మీద వైరు ఉండగానే సాధన చేసేవాడు. చూడటానికి బాగుంటుందని స్టాండ్‌కు లైట్లు కూడా పెట్టించాడు. ఇద్దరం పోటీలు పడేవాళ్లం, ముట్టకుండా ఎవరు ముందు ఒక మెసేజ్ చదువుతారని. పైన కోచింగ్ సెంటర్ పిల్లలు మెట్లు దిగుతూ అద్దాల్లోంచి మమ్మల్ని చూసి, వీళ్లు ఫోనుకు దిష్టి తీస్తున్నారని నవ్వేవాళ్లు.

విడుదల రోజు సాయంత్రం షోరూం ముందు కాలు పెట్టే సందు లేదు. బ్యాండు, బెలూన్లు, కంపెనీ పెద్దలు. కోచింగ్ పిల్లలు, చీరల షాపుల వాళ్లు, బస్సు కోసం నిలబడ్డవాళ్లు, అందరూ లోపలికి తొంగిచూస్తున్నారు. సేటు తెల్ల చొక్కాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. అప్పుడే కరెంటు పోయింది. ఆ ఎండాకాలం అది మామూలే. వెనకాల జనరేటర్ వేశారు, లైట్లు వెలిగాయి, బ్యాండు ఆపమని సేటు చెయ్యి ఎత్తాడు.

సహోద్యోగి స్టాండ్ ముందుకు వచ్చి గొంతు సవరించుకున్నాడు. "దీన్ని ముట్టాల్సిన పని లేదు. మీరు వేలు చూపిస్తె చాలు" అని వేలు గాల్లో ఆపాడు.

ఫోనుకు పిచ్చిపట్టినట్టయింది. నీలం చుక్క ఒకచోట నిలవకుండా తెరంతా దూకింది. మెసేజ్ తెరవబోతే కెమెరా తెరుచుకుంది. ఫొటో దానంతటదే పెద్దదై, చిన్నదై, పోయింది. ఆయన వేలు వెనక్కి తీసుకున్నా ఆగలేదు, ఎవరూ ముట్టుకోకుండానే అటూ ఇటూ తిరుగుతోంది. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అంతే.

"అన్నా, గిది మనం చెప్పినట్టు వింటదా, మనమే అది చెప్పినట్టు వినాల్నా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. గుంపంతా నవ్వింది. కంపెనీ పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సహోద్యోగి నుదురు చెమటతో తడిసిపోయింది. ఎప్పుడూ తడబడని మనిషి, నా వైపు చూశాడు. ఆ చూపుతోనే పక్కకు జరిగి నాకు దారిచ్చాడు.

నేను ఏమీ ఆలోచించలేదు. అలవాటు ప్రకారం ఫోను చేతిలోకి తీసుకుని వైరు పీకేశాను.

తెర నిమ్మళించింది.

ఎందుకు నిమ్మళించిందో అప్పుడు నాకు తెలియదు. తర్వాత సర్వీస్ సెంటర్ ఆయన చెప్పాడు. జనరేటర్ కరెంటు సాఫీగా రాదట, ఆ గోలంతా చార్జింగ్ వైరు గుండా తెరకెక్కిందట. గాల్లో వేలును పట్టుకునేంత చురుకైన తెర కనుక, దానికి లేని వేళ్లు కూడా కనిపించాయన్నాడు. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే, చుక్క నా వేలి కింద కుదురుగా నిలబడింది.

ఎదురుగా ముందు వరసలో ఒక నడివయసు ఆవిడ నా చేతుల వైపే చూస్తోంది. "చేతులకేమైందమ్మా?" అని అడగనే అడిగింది. సేటు మొహం మాడిపోవడం నేను పక్కచూపుతో గమనించాను.

"నూనె పడ్డదమ్మా" అన్నాను. "ఈ గ్లవ్సులు తీయొద్దన్నరు. గ్లవ్సుతోని టచ్ ఫోన్ పని చెయ్యదు, మీకందరికీ తెలుసు. నేను ఇన్నిరోజులు ముక్కుతోటి ఫోన్ ఎత్తిన. ఇప్పుడు ఇది చూడుండ్రి."

అందరూ ముందుకు వంగారు. వేలు మెసేజ్ పైకి తెచ్చాను, బుడగ విచ్చుకుంది. గట్టిగా చదివాను. ఫొటోల మీదుగా వేలు నడిపించాను, ఒక్కొక్కటి లేచింది. అరచెయ్యి ఊపాను, ఫొటో తప్పుకుంది. మళ్లీ ఊపాను, ఇంకొకటి తప్పుకుంది. నవ్వినవాళ్లే ఇప్పుడు మునివేళ్ల మీద లేచి చూస్తున్నారు. నాకు భయం పోయింది. బూత్‌లో కూర్చున్న నాటినుంచి అంత హుషారుగా నేనెప్పుడూ మాట్లాడలేదు. ఒక్కో పని చూపిస్తూ, అది ఎవరికి ఎందుకు పనికొస్తుందో చెబుతూ పోయాను. పిండి కలిపే చేతికి, రంగు వేసే చేతికి, మెహందీ పెట్టుకున్న చేతికి.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో కమీషన్ వ్యాపారం చేసే పెద్దాయన ఒకరు జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చారు. అప్పుడు మార్కెట్ ఇంకా అక్కడే ఉండేది. మామిడి కాలం, ఆయన వచ్చిన వెంటనే వాసన తెలిసింది.

"చూడమ్మా, మామిడి సొన చేతులు నాయి. ఫోన్ ముట్టుకుంటె ఖరాబైతది. నిజంగ ముట్టకుండ అయితదా?"

"మీరే చూసుకోండ్రి పెద్దనాయన."

ఆయన నల్లబడ్డ వేలును భయభయంగా తెర మీదికి తెచ్చారు, పాముపిల్లను చూస్తున్నట్టు. చుక్క వెలగ్గానే చెయ్యి వెనక్కి తీసుకున్నారు. మళ్లీ పెట్టారు. ఫొటో పెద్దదైంది. అరచెయ్యి ఊపితే తప్పుకుంది. చిన్నపిల్లాడిలా పళ్లన్నీ బయటపెట్టి నవ్వారు.

ఇక చెప్పేదేముంది. నాకొకసారి, నాకొకసారి అంటూ చేతులు లేచాయి. ప్రశ్న అడిగిన ఆవిడ వచ్చి చేసింది. కోచింగ్ పిల్లలు చేశారు. చీరల షాపు సేల్స్‌మన్ మోచేత్తో ప్రయత్నించాడు. బ్యాండు వాళ్లలో ఒకాయన డోలు పుల్లను చూపి తెర పలకక తిరిగి వేలు పెట్టాడు. కరెంటు వచ్చిన సంగతి, జనరేటర్ ఆపేసిన సంగతి ఎవరూ గమనించలేదు. సహోద్యోగి స్టాండ్ ఎత్తి మూలకు పెట్టేసి, నా పక్కన నిలబడి జనాన్ని వరసలో పెట్టాడు. "అక్క చెప్పేది వినుండ్రి, తొయ్యొద్దు" అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు.

షట్టర్ దించే ముందు సేటు నా దగ్గరికొచ్చాడు. మేనేజర్ వైపు తిరిగి, "ఈమెను ముందట్నే ఉంచు" అని వెళ్లిపోయాడు. కవర్ల కౌంటర్ కిరాయికి ఇచ్చేశాడు, ఆ మాట తప్పలేదు. నేను ముందు వరసకు వచ్చాను. ఆ తర్వాత రిటైరయ్యే దాకా అక్కడే ఉన్నాను.

ఇంత సంబరంగా చెప్పానని ఆ ఫోను లోకాన్ని మార్చేసిందనుకునేరు. అలాంటిదేమీ జరగలేదు. ఎగబడి కొన్నవాళ్లలో చాలామంది కొద్దిరోజులకే ఆ సౌకర్యం ఆపేయించుకోవడానికి వచ్చారు. జేబులోంచి తీసేటప్పుడు ఏవేవో తెరుచుకుంటున్నాయని ఒకరు, బ్యాటరీ తాగేస్తోందని ఇంకొకరు. కమీషన్ పెద్దాయన మాత్రం ఆపించలేదు. కానీ ఆయన దాన్ని ఫొటోలు తిప్పడానికే వాడేవారు. తర్వాతి మోడళ్లలో దాన్ని మెల్లిగా తీసేశారు. కొన్నేళ్లకు మళ్లీ ఎవరో కొత్తగా కనిపెట్టినట్టు ప్రకటించినప్పుడు, నేనూ మా సహోద్యోగీ ఒకరికొకరు ఫోన్ చేసుకుని నవ్వుకున్నాం. మీరు అమ్మే వస్తువు ఎన్నాళ్లుంటుందో మీకు తెలియదు. అది ఎదురుగా నిలబడ్డ మనిషికి ఇవాళ పనికొస్తుందా లేదా అన్నది మాత్రం మీకు తెలియాలి. నేను నేర్చుకున్నది అంతే.

ఇంకో సంగతి చెప్పి ఆపుతాను. విడుదల జరిగిన కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం, ఎండకు రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, నాగోల్ నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఆమె చున్నీ కింద చేతులు దాచుకుని ఉంది. ముప్పై కూడా ఉండవు. బడిలో టీచరట. గ్యాస్ అంటుకుని చేతులు కాలాయని భర్త చెప్పాడు. గుంపులో నన్ను చూసిన వాళ్లెవరో వాళ్లకు చెప్పారట.

నేను ఉత్సాహంగా ఫోను తీశాను. వైరు పీకాను. చుక్క, బుడగ, ఫొటోలు, అన్నీ మొదలుపెట్టాను. ఆమె తెర వైపు చూడటం లేదు.

"నేను ఫోన్ కోసం రాలేదక్కా" అంది నెమ్మదిగా. "నాకు కూడ ఇవే గ్లవ్స్ ఇచ్చిన్రు. లోపల ఎట్లయితదో ఎవరు చెప్తలేరు. మీ చెయ్యి ఒకసారి చూపిస్తరా?"

మా సహోద్యోగి ఏదో పని ఉన్నట్టు అవతలికి వెళ్లిపోయాడు. భర్త తల దించుకున్నాడు. నేను ఫోను పక్కన పెట్టి, మణికట్టు దగ్గర పట్టీ విప్పి, గ్లవ్‌ను ఒక్కో వేలి నుంచి లాగాను. చర్మం అప్పటికి గులాబీ రంగులో, అక్కడక్కడ ముడతలు పడి, మెరుస్తూ ఉండేది. కౌంటర్ అద్దం మీద చెయ్యి పెట్టాను, ట్యూబ్‌లైట్ వెలుగు బాగా పడేలా.

ఆమె వంగి చాలాసేపు చూసింది. చూపుడు వేలితో నా చెయ్యి తాకబోయి ఆగింది.

"ముట్టుకో, ఏం కాదు" అన్నాను.

గ్లవ్ వేసుకున్న వేలితో మెల్లిగా తాకింది. "వేళ్లు మడతపడుతయా?"

పిడికిలి బిగించి చూపించాను. తెరిచాను. మళ్లీ బిగించాను. ఆమె కూడా చున్నీ కిందినుంచి రెండో చెయ్యి తీసి, నా చేతి పక్కన పెట్టి, అలాగే బిగించడానికి ప్రయత్నించింది. సగం దాకా వచ్చింది.

"నాకు మొదట్ల గంత కూడ రాలే" అన్నాను.

ఆమె మొహం తుడుచుకుని, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"ఇగ ఫోన్ చూపించుండ్రి అక్కా."